దీనారం: దున్నితే దొరికిన మాట

1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలి ఇటుక కట్టడానికి తగిలి ఆగింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద కుండ, కుండలో రోమన్ బంగారు నాణేలు. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులవి, ఫౌస్టినా రాణివి. రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలా వాటిని కరిగించేసే ఉంటారు. ముప్పైకి పైగా నవాబు చేతికి చిక్కితే, మద్రాసు గవర్నరు డేవిడ్‌సన్ రెండు ఏరుకున్నాడు. కొన్ని నిన్ననే ముద్ర కొట్టినట్టున్నాయట. కొన్నిటికి చిల్లులు. ఎవరో మెడలో వేసుకున్నారన్నమాట.

ఆ బంగారు నాణెం అసలు పేరు ఆరియస్. దీనారం అనే మాటకు మూలమైన డెనారియస్ వెండిది, లాటిన్‌లో 'పదేసి' అనే మాటనుంచి పుట్టింది. అలాంటివి ఇరవై అయిదు ఒక ఆరియస్. మనవాళ్లు వెండి పేరు తీసి బంగారానికి పెట్టారు! గుప్తుల శాసనాల్లో దీనారం బంగారమే. శ్రీనాథుడికి విజయనగరంలో కనకాభిషేకం జరిగిందీ దీనార టంకాలతోనే అంటారు.

అదే మాట మళ్లీ క్రైస్తవం వెంట వచ్చింది. 1840లో శామ్యూల్ డే నెల్లూరులో బాప్టిస్టు మిషన్ పెట్టాడు. తెలుగు బైబిల్లో డెనారియస్ 'దేనారము'. అందులో ఒక కథలో ద్రాక్షతోట కూలీకి రోజు కూలి ఒక దేనారము. పొద్దుగూకే వేళ వచ్చినవాడికీ అంతే. నాట్లకెళ్లి వచ్చినవాళ్లకు ఈ కథ వేరే వివరించక్కర్లేదు.

ఇప్పుడు నెల్లూరు జిల్లాలో దినార్ అంటే కువైట్‌దే. అక్కడికి పనికెళ్లిన కొడుకు ఫోన్ చేస్తే తల్లి ముందు అడిగేది, "తిన్నావా నాయనా?" తర్వాత, "దినార్ ఎంతుంది?"