నల్లమల యురేనియం, హైదరాబాదు గొట్టం: వికిరణం లోహంలో తెచ్చిన మార్పు

2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలను వ్యతిరేకిస్తూ ఏకగ్రీవంగా తీర్మానించింది. అదే ఏడాది మే నెలలో కేంద్ర అటవీ సలహా సంఘం అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర అన్వేషణకు సూత్రప్రాయంగా సమ్మతించడం దీనికి నేపథ్యం. 2016లో పాత పాలమూరు నుండి నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. నల్లమల ఆ నాగర్‌కర్నూలు అడవి, చెంచుల పెంటలున్న అడవి. కనుక వికిరణం నేలను, నీటిని, మనిషిని ఏం చేస్తుందన్న ప్రశ్నే అప్పుడు ముందుకు వచ్చింది. అది న్యాయమైన ప్రశ్న. అయితే రియాక్టరులో యురేనియాన్ని, దాని వేడిని మోసే నీటిని తనలో ఇముడ్చుకునే లోహాన్ని అదే వికిరణం ఏం చేస్తుందన్నదానికి వేరొక చరిత్ర ఉంది. దానిలో ఒక అధ్యాయం హైదరాబాదుది.

రియాక్టరులో వేగంగా వచ్చే న్యూట్రాన్లు లోహస్ఫటికంలోని పరమాణువులను వాటి స్థానాల నుండి తన్నివేస్తాయి. కొన్ని స్థానాలు ఖాళీ అవుతాయి, మరికొన్ని పరమాణువులు ఇరుకైన సందుల్లో చిక్కుకుంటాయి. ఇవి గుంపులుగా చేరి, స్ఫటికపు పొరలు ఒకదానిపై ఒకటి జారకుండా అడ్డుపడతాయి. ఫలితంగా లోహపు బలం పెరుగుతుంది, తాంతవత, అంటే తెగకుండా సాగే గుణం, తగ్గుతుంది. బలం పెరగడం మేలుగా తోచవచ్చు. ఇంజనీరుకు మాత్రం అది హెచ్చరిక. టంగ్‌స్టన్, మాలిబ్డినం వంటి ఉష్ణసహ లోహాల్లో ఈ చేటు మరింత స్పష్టం. ఒక నిర్దిష్ట ఉష్ణోగ్రతకు దిగువన అవి స్వభావతః పెళుసు. వికిరణం ఆ హద్దును ఇంకా పైకి జరుపుతుంది.

టంగ్‌స్టన్ 3422 డిగ్రీల సెల్సియస్ దాకా కరగదు గాని న్యూట్రాన్లను మింగుతుంది. అందుకే 1855 డిగ్రీలకే కరిగే జిర్కోనియం రియాక్టరు గొట్టానికి ఎంపికైంది. కఠిన నిర్వచనంలో ఇది ఉష్ణసహ లోహం కాదు. విస్తృత నిర్వచనంలోనే చోటు పొందుతుంది. జిర్కాన్ ఇసుకలో దీనితో కలిసి ఉండే హాఫ్నియం న్యూట్రాన్లను విపరీతంగా మింగుతుంది కనుక రెంటినీ వేరు చేయడమే పెద్ద పని. హైదరాబాదు అణు ఇంధన సముదాయం 1970 దశకం నుండి చేపట్టిన పనుల్లో ఇదీ ఒకటి.

1983 ఆగస్టు 1న కెనడాలోని పికరింగ్ రెండో రియాక్టరులో జిర్కలాయ్-2 పీడన గొట్టం ఒకటి హఠాత్తుగా చీలింది. తప్పు వికిరణానిదొక్కటే కాదు. గొట్టాన్ని దూరంగా నిలిపే స్ప్రింగులు పక్కకు జరగడంతో అది వంగి, చల్లని బయటి గొట్టాన్ని తాకింది. లోహం పీల్చుకున్న హైడ్రోజన్ అక్కడ చేరి పెళుసు పొక్కులుగా మారింది. సాగే గుణం క్షీణించిన లోహంలో పగులు ఆగలేదు. భారతీయ రియాక్టర్లలోనూ అదే మిశ్రమలోహం ఉండటంతో రాజస్థాన్ రెండో రియాక్టరులోని 306 గొట్టాలను 1990 దశకంలో మార్చారు. కల్పాక్కంలోనూ తరువాత మార్చారు. కొత్త గొట్టాలు 2.5 శాతం నియోబియం కలిసిన జిర్కోనియానివి. నియోబియం అసలైన ఉష్ణసహ లోహం. ఈ మిశ్రమం హైడ్రోజన్‌ను తక్కువగా పీలుస్తుంది, కాని వికిరణానికి ఇదీ గట్టిపడుతుంది. అందుకే నడుస్తున్న రియాక్టర్ల గొట్టాల లోపలి నుండి పలుచని లోహపు చెక్కులు తీసి హైడ్రోజన్ ఎంత చేరిందో పరీక్షిస్తూనే ఉంటారు.