మాటల చరిత్ర – 9: వెలేసినోళ్ళ పేరు డిక్షనరీలో ఉండదు

తిరుపతిలో ఏ కోచింగ్ సెంటర్ పక్కనున్న జిరాక్స్ షాపుకి పోయినా ఇంగ్లీషు వొకాబులరీ నోట్సు దొరుకుతుంది. ఎడమ పక్క మాట, మధ్యలో అర్థం, కుడి పక్క ఒక ఉదాహరణ వాక్యం. బ్యాంకు పరీక్షకైనా, ఎస్సెస్సీకైనా, గ్రూప్సుకైనా మన పిల్లలు బట్టీ పట్టేది దాన్నే. పట్టాల్సిందే. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే మేనమామ లేనివాళ్ళకు ఆ వాక్యమే మేనమామ.

ఆ నోట్సులో 'ప' అక్షరం దగ్గర ఒక మాట తగులుతుంది. పరయా. అర్థం: సమాజం నుండి వెలివేయబడిన వ్యక్తి. ఉదాహరణ ఇట్లా ఉంటుంది: "ఆ కుంభకోణం బయటపడ్డాక ఆయన సొంత పార్టీలోనే పరయా అయిపోయాడు."

పరీక్షలో వస్తే టిక్కు పెట్టి మార్కు తెచ్చుకోండి. ఈ భాగంలో మాత్రం ఆ మాట ఎక్కడి నుంచి బయల్దేరిందో చూద్దాం. అది బయల్దేరింది మన పక్కింటి నుంచే.

తమిళంలో 'పఱై' అంటే డప్పు. మన చిత్తూరు పల్లెల్లో పలక అంటాం కదా, దానికి చుట్టం. పఱై వాయించేవాళ్ళు కాబట్టి 'పఱైయర్' అనే పేరు వచ్చిందని ఎక్కువమంది చెప్పే మాట. దక్షిణాదిలో సంఖ్యలో చాలా పెద్ద కులాల్లో అదొకటి. ఎక్కువమంది పొలాల్లో చాకిరీ చేసినవాళ్ళు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తాలూకాలు ఉత్తర ఆర్కాటు జిల్లాలోవి. ఇక్కడ తెలుగు వాడా, తమిళ వాడా పక్కపక్కనే ఉంటాయి. కాబట్టి ఇది ఎవరిదో పరాయి కథ అనుకోవద్దు.

1613 నాటికే ఈ మాట ఇంగ్లీషు అచ్చులో కనపడుతుంది. ఆ తర్వాత మద్రాసులో కంపెనీ దొరలు దాన్ని ఎట్లా పడితే అట్లా వాడుకున్నారు. వాళ్ళ ఇళ్ళలో వంటకీ, గుర్రాల కాడికీ, బయట మోతకూలికీ వచ్చింది ఈ మనుషులే. మొదట ఒక కులం పేరు. తర్వాత అంటరాని కులాలన్నిటికీ అదే పేరు. ఆ తర్వాత యజమాని లేకుండా వీధుల్లో తిరిగే కుక్కకూ అదే పేరు, 'పరయా డాగ్'. 1791లో బెర్నార్డిన్ ద సాఁ-పియెర్ అనే ఫ్రెంచి రచయిత తన కథలో ఒక పరయాను జ్ఞానిగా చూపించాడు. 1824లో జర్మన్ కవి గోథే ఆ పేరుతోనే కవితలు అచ్చేశాడు. యూరప్ చదువరులు ఆ మాట మీద జాలిపడ్డారు, దాన్ని ప్రేమించారు, చివరికి తమకే తగిలించుకున్నారు. సమాజంతో పడని కవి పరయా, ఒంటరి మేధావి పరయా. ఇవాళ ప్రపంచం దూరం పెట్టిన దేశం 'పరయా స్టేట్'. మాట లోకమంతా తిరిగింది. ఆ మాట ఎవరి పేరో వాళ్ళు మాత్రం వాడలోనే ఉండిపోయారు.

ఇంగ్లీషు మన నేల నుంచి ఇంకో మాట కూడా తీసుకుంది. బ్యాండికూట్. అది మన పందికొక్కు. పందికొక్కు ఇంగ్లీషులోకి పోయినా జంతువుగానే ఉంది. మనిషి పేరు పోయి తిట్టయింది. ఈ తేడా భాషలో పుట్టింది కాదు, కులంలో పుట్టింది.

ఇప్పుడు డిక్షనరీల సంగతి. సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో మద్రాసులో అచ్చయింది. తెలుగుకు ఆయన చేసిన మేలు పెద్దది, కాదనను. అయితే అందులో 'మాల' అనే మాటకు అర్థం చెప్పడానికి ఆయన వాడింది ఈ పరయా మాటనే. మాలలు వేరు, పఱైయర్లు వేరు. భాష వేరు, దేవరలు వేరు, ఊరితో ఉన్న లెక్కలు వేరు. దొరకు అర్థం కావడానికి రెండు చరిత్రల్ని ఒకే డబ్బాలో వేసి మూత పెట్టారు.

1886లో యూల్, బర్నెల్ కలిసి 'హాబ్సన్-జాబ్సన్' అనే నిఘంటువు తెచ్చారు. ఇండియాలోని ఇంగ్లీషువాళ్ళ నోట్లో నలిగిన మాటల పుస్తకం అది. అందులో వాళ్ళు సూటిగానే చెప్పారు: ఇది దక్షిణాదిలోని ఒక కులం పేరు, వెలిపడ్డవాడు అనే అర్థంలో వాడటం పొరపాటు అని. అంటే ఈ తప్పు తప్పేనని డిక్షనరీ రాసేవాళ్ళకు 1886 నాటికే తెలుసు. అయినా తప్పే గెలిచింది. ఎందుకంటే డిక్షనరీ న్యాయం చూడదు, వాడుక చూస్తుంది. వాడుక ఎవరి చేతిలో ఉంటే అర్థం వాళ్ళది.

మీరు ఇవాళ చదివే 'అర్థం, దానితో ఒక వాక్యం' అనే పద్ధతికీ చరిత్ర ఉంది. మైకేల్ వెస్ట్ అనే ఇంగ్లీషాయన బెంగాల్లో విద్యాశాఖలో పనిచేశాడు. అక్కడి పిల్లలు ఇంగ్లీషుతో పడే తిప్పలు చూశాడు. 1935లో ఒక నిఘంటువు తెచ్చాడు. సుమారు 1,490 తేలిక మాటలు మాత్రమే వాడి దాదాపు 24,000 మాటలకూ పదబంధాలకూ అర్థం చెప్పాడు. ఎ.ఎస్. హార్న్‌బీ జపాన్‌లో పాఠాలు చెబుతూ తయారుచేసిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ దాన్ని తెచ్చాక ప్రపంచమంతా పాకింది. 1987లో కోబిల్డ్ డిక్షనరీ వచ్చింది. అప్పటి నుంచి ఉదాహరణ వాక్యాల్ని ఊహించి రాయడం తగ్గి, పత్రికల్లో, పుస్తకాల్లో, మాటల్లో నిజంగా వచ్చిన వాక్యాల్నే ఏరడం పెరిగింది.

ఇది మంచి పద్ధతి. మొదటి తరం చదువరికి దీనంత మేలు చేసేది ఇంకోటి లేదు. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. అర్థం మాటను నేర్పుతుంది, ఉదాహరణ వాక్యం లోకాన్ని నేర్పుతుంది. ఎవరు ఎవరిని ఏమనొచ్చో, దేనికి నవ్వొచ్చో, దేనికి సిగ్గుపడాలో చెప్పేది వాక్యమే.

మళ్ళీ ఆ అర్థం దగ్గరకు రండి. 'వెలివేయబడిన వ్యక్తి.' తెలుగు పాఠం చెప్పేవాళ్ళం కాబట్టి వ్యాకరణం చూద్దాం. ఇది కర్మణి ప్రయోగం. మన ఇళ్ళల్లో ఎవరూ ఇట్లా మాట్లాడరు. మా అవ్వ అయితే "మమ్మల్ని వాళ్ళు వెలేసినారు" అంటుంది. ఆ వాక్యంలో వాళ్ళు ఉన్నారు. డిక్షనరీ వాక్యంలో లేరు. వెలి ఉంది, వెలిపడ్డవాడు ఉన్నాడు, వేసినోడు మాత్రం జారుకున్నాడు. వానపడ్డట్టు, పిడుగుపడ్డట్టు వెలి దానంతటదే పడిందన్నమాట.

మరి మనవాళ్ళు ఊరుకున్నారా? లేదు. 1893లో రెట్టమలై శ్రీనివాసన్ మద్రాసులో పత్రిక పెట్టి దానికి 'పఱైయన్' అనే పేరే పెట్టాడు. తిట్టుగా మార్చిన పేరును తలెత్తి పలికించాడు. అదే కాలంలో అయోధ్యదాసు పండితుడు దానికి అడ్డం తిరిగాడు. ఆ పేరు మాది కాదు, మా మీద రుద్దింది, మేము బౌద్ధులం, ఆది తమిళులం అన్నాడు. ఒకరు పేరును లాక్కున్నారు, ఇంకొకరు పారేశారు. ఇద్దరి పోరాటమూ ఆత్మగౌరవం కోసమే. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన మనవాళ్ళు 'పంచమ' పేరును కాదని 'ఆది ఆంధ్ర' అన్నారు. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర పేర్లను రికార్డుల్లోకి తీసుకుంది. మన వైపు ఊళ్ళ పేర్ల పక్కన 'ఏఏడబ్ల్యూ' అని కనపడేది ఆ పోరాటం గుర్తే. ఆది ఆంధ్ర వాడ.

చిత్రం ఏమంటే, మన రాష్ట్ర షెడ్యూల్డ్ కులాల జాబితాలో 'పంచమ, పరయా' ఇవాళ్టికీ ఒక నమోదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం నలుగురి ముందు కులం పేరుతో దూషిస్తే నేరం. అదే పేరు ఇంగ్లీషు పత్రిక సంపాదకీయంలో వస్తే మంచి శైలి. మన వొకాబులరీ నోట్సులో వస్తే ఒక మార్కు.

ఇది విని మాతృభాషా ప్రేమికులు సంబరపడనక్కర్లేదు. "చూశారా, ఇంగ్లీషు ఎంత చెడ్డదో" అనే ముందు ఒక్క నిమిషం ఆగండి. కూర బాగలేకపోతే, రోడ్డు బాగలేకపోతే, సినిమా బాగలేకపోతే మీరేమంటారు? 'చండాలంగా ఉంది' అంటారు. చండాలుడు ఎవరు? మనుస్మృతి పదో అధ్యాయం ఊరి బయట ఉంచమన్న మనిషి. ఇంగ్లీషు మూడు నాలుగు వందల ఏళ్ళలో చేసిన పనిని మన భాష ఎప్పుడో చేసి పెట్టుకుంది. మాల, మాదిగ పేర్లతో ఉన్న సామెతల్ని ఇక్కడ రాయను, నోరు కడుక్కోవాలి. తమ పిల్లల్ని కాన్వెంటుకి పంపి మన పిల్లలకు అమ్మభాష గొప్పదనం చెప్పేవాళ్ళు ముందు ఆ అమ్మభాషను కడగాలి.

ఇంగ్లీషు మనకు కావాలి. అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన' ప్రసంగాన్ని ఇంగ్లీషులో అచ్చేశాడు కాబట్టే అది లాహోర్ నిర్వాహకులు సభ రద్దు చేసినా ఆగలేదు. ఆ భాషలో మన వాక్యం రాసే శక్తి రావాలంటే ముందు మాటలు రావాలి. మాటలు రావాలంటే ఆ నోట్సు చదవాల్సిందే.

కాబట్టి నేను అడిగేది ఒకటే. మీ నోట్సులో మూడు గళ్ళున్నాయి కదా, నాలుగోది గీయండి. దానిలో మీ సొంత వాక్యం రాయండి. పరయా అనే మాట దగ్గరకు వస్తే, ఎవరు ఎవరిని ఎందుకు వెలేశారో తెలిసేటట్టు, కర్తతో సహా ఇంగ్లీషులో రాయండి. తప్పులు పోతే పోనీ, దిద్దుకుందాం. కామెంట్లలో పెట్టండి, బాగున్నవన్నీ వచ్చే భాగంలో చేరుస్తాను. ఉదాహరణ వాక్యాలు వాడుక నుంచే వస్తాయని చూశాం కదా. వాడుకలోకి మన వాక్యాలు కూడా పోవాలి.

పదో భాగం 'కూలీ' అనే మాట మీద.

జై భీమ్.