శుక్రవారం మీద గెలిచిన సినిమా

ఫిల్మ్‌నగర్‌కి ప్రతి శుక్రవారం పరీక్షే. పొద్దుటి ఆట ఇంటర్వెల్ దాటకముందే ఫలితం ఫోన్లలోకి వచ్చేస్తుంది. మధ్యాహ్నానికి ఒక ఆఫీసు ముందు టపాకాయల కాగితాలు పడి ఉంటాయి. పక్క సందులోని ఇంకో ఆఫీసులో ఫోనెత్తే దిక్కుండదు. రెండేళ్ళు చెక్కిన సినిమా రెండు గంటల్లో తేలిపోతుంది. మూడు శుక్రవారాలు నిలబడితే గొప్ప.

ఏడాదిలో ఒక్క శుక్రవారం మాత్రం ఈ జూబ్లీహిల్స్ కొండల మీద కొందరికి లెక్క వేరు. క్రైస్తవుల తపస్సు కాలం చివర వచ్చే పవిత్ర శుక్రవారం, అంటే గుడ్ ఫ్రైడే అది. గుడి గంట మోగదు. ముందురోజు సాయంత్రం పూజలోనే గంటలు మూగబోతాయి. అవసరమైతే చెక్కతో చప్పుడు చేస్తారు. బలిపీఠం మీద వస్త్రం ఉండదు, పువ్వు ఉండదు. ఆ ఒక్క రోజు ప్రపంచంలో ఏ కతోలిక గుడిలోనూ దివ్యపూజ జరగదు. మధ్యాహ్నం మూడింటికి జనం చేరతారు. యోహాను సువార్తలోని శ్రమల చరిత్రను వంతులు వేసుకుని చదువుతారు. ఒకరు కథ చెబుతారు. ఒకరు పిలాతు మాటలు, మరొకరు పేతురు మాటలు అందుకుంటారు. క్రీస్తు మాటలు గురువువి. మరి బల్లల మీద కూర్చున్న జనానికి? వాళ్ళందరిదీ ఒకటే వేషం: గుంపు. సిలువ వేయమని కేకలు పెట్టే గుంపు.

కృష్ణానగర్‌లో గది అద్దెకు తీసుకుని రోజూ గుంపులో నిలబడి పొట్ట పోసుకునే జూనియర్ ఆర్టిస్టుకీ, జూబ్లీహిల్స్ మేడలోంచి కారు దిగినాయనకీ, ఆ మేడలో వంట చేసే మనిషికీ ఆ పూట అదే వేషం. గంటకోసారి హీరోలు పుట్టే చోట, ఆ గంటసేపు హీరో వేషం ఎవరికీ దక్కదు.

ఆ సాయంత్రం ఇళ్ళకు చేరి టీవీ పెడితే ఏదో ఒక ఛానెల్లో ఒక సినిమా వస్తూ ఉంటుంది. అది పాతది, రంగు కాస్త వెలిసింది. దాని పేరు 'కరుణామయుడు'.

ఈ గాథ ఆ సినిమాది.

*

1978 జనవరి 16, సోమవారం. తమిళనాట పొంగల్, తెలుగునాట సంక్రాంతి అప్పుడే అయిపోయాయి. అప్పటికి తెలుగు సినిమా ఇల్లు ఇంకా మద్రాసే. హైదరాబాదులో స్టూడియోలు లేకపోలేదు. అమీర్‌పేటలో సారథి ఉంది. రెండేళ్ళ కిందటే అక్కినేని రాళ్ళగుట్టల మధ్య అన్నపూర్ణ స్టూడియోస్ మొదలుపెట్టారు. కానీ సంగీతం, ఎడిటింగ్, నటుల కాల్షీట్లు అన్నీ మద్రాసు చుట్టూనే తిరిగేవి.

ఆ సోమవారం దర్శకుడు ఎ. భీంసింగ్ కన్నుమూశారు. అప్పటికి యాభై మూడేళ్ళు. 'పాశమలర్' తీసిన మనిషి. తెలుగులో 'రక్త సంబంధం'గా వచ్చి, ఎన్టీఆర్, సావిత్రిల అన్నాచెల్లెళ్ళ కథగా ఇంటిల్లిపాదినీ ఏడిపించింది ఆ కథే. 'పాశమలర్' వచ్చిన 1961లోనే ఆయన 'పావమన్నిప్పు' తీశారు. హిందువుల ఇంట పుట్టిన పిల్లలు ముస్లిం ఇంట్లో, క్రైస్తవ ఇంట్లో పెరిగే కథ. దాన్నే 1970లో తెలుగులో 'ఒకే కుటుంబం' అన్నారు.

ఈ మాట ఎందుకంటే, 'కరుణామయుడు'కి దర్శకుడు ఆయనే. పిల్లల్ని మతాల మధ్య పంచిపెట్టి మళ్ళీ ఒక గూటికి చేర్చిన ఆ కథకుడికి చివరి రోజుల్లో దొరికిన పని యేసు చరిత్ర. అది తెర మీదికి రాకముందే ఆయన వెళ్ళిపోయారు.

ఒక్కసారి ఆ పనివాళ్ళ గదిలోకి తొంగిచూద్దాం. గది మన ఊహే. మనుషులు మాత్రం ఊహ కాదు.

ఒక మూల కుర్చీలో ఒక క్రైస్తవ గురువు. ఫాదర్ క్రిస్టఫర్ కొయెలో, ఫ్రాన్సిస్కన్ సభకు చెందినవారు. స్క్రీన్‌ప్లే ఆయనది. గుళ్ళో ఉండాల్సిన స్వామికి సినిమాతో ఏం పని అని ఆ రోజుల్లో ముక్కున వేలేసుకున్నవాళ్ళు ఉండే ఉంటారు. కానీ ఆయన సభ చరిత్ర తెలిస్తే ఆ ప్రశ్న రాదు. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే కొండ ఊళ్ళో, ఆ సభను స్థాపించిన పునీత అస్సీసిపుర ఫ్రాన్సీసు క్రిస్మస్ రాత్రి నిజం ఎద్దునీ నిజం గాడిదనీ తెప్పించి, గడ్డి పరిపించి, పశువుల తొట్టి ముందు పూజ చేయించారు. లాటిన్ రాని రైతు జనానికి బెత్లెహేము కళ్ళకు కట్టాలని ఆయన తాపత్రయం. ఇవాళ మన ఇళ్ళల్లో పెట్టే పశువుల పాకకు మూలం అదే. ఒక రకంగా అది మొదటి సెట్టు. సిలువ మార్గాన్ని లోకమంతా వ్యాపింపజేసింది కూడా ఫ్రాన్సిస్కన్లే. 1731లో 12వ క్లెమెంట్ పాపుగారు స్థిరపరచిన ఆ 14 స్థలాలను గుడి గోడ మీద వరసగా చూడండి. తీర్పు, సిలువ ఎత్తుకోవడం, పడిపోవడం, తల్లి ఎదురుకావడం... ఏ దర్శకుడైనా షాట్లు విడగొట్టేది అలాగే కదా.

పైగా కాలం కూడా కలిసొచ్చింది. రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబరులో పత్రికలు, రేడియో, సినిమాల గురించి ప్రత్యేకంగా ఒక శాసనమే వెలువరించింది. పూజ లాటిన్ నుంచి తెలుగులోకి దిగింది కూడా ఆ మహాసభ పుణ్యమే. పూజకు తెలుగు వచ్చాక, సినిమాకు ఎందుకు రాకూడదు?

ఆ గదిలో ఇంకో కుర్చీ మోదుకూరి జాన్సన్‌ది. తెనాలి ప్రాంతపు మనిషి, నాటక రచయిత. 'నటనాలయం' రాసిన కలం. మాటలు ఆయనవి. యేసు నోట గ్రాంథికం పెడితే పాఠంలా ఉంటుంది, వీధి భాష పెడితే గుడి ఒప్పుకోదు. ఆ రెంటి నడుమ సన్నటి గట్టు మీద నడవాలి. అటూ ఇటూ తూలకుండా నడిచింది నాటకం నేర్పిన చెవి.

హార్మోనియం దగ్గర బి. గోపాలం. అమరావతి దగ్గరి తుళ్ళూరు వాడు, ప్రజానాట్యమండలి పాటగాడు. ఎర్రజెండా కింద గొంతు విప్పిన మనిషి సిలువ కింద బాణీ కట్టాడు. తోడుగా జోసెఫ్ ఫెర్నాండెజ్. జాన్సన్ రాసిన కరుణరథం పాటను ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పాడారు. ఆ పాటలో ఒక తెలివి ఉంది. కల్వరి దారి తెలుగువాడు చూడనిది. రథం మాత్రం ప్రతి ఊళ్ళోనూ ఏటా కదులుతుంది. సిలువ మోసుకుపోయే ఆ నడకను రథయాత్రగా చూపించేసరికి, ఇక విడమర్చి చెప్పే పని లేకపోయింది. గుడికి వెళ్ళేవాళ్ళకూ వెళ్ళనివాళ్ళకూ ఒకేసారి అర్థమైపోయింది.

ఇక అద్దం ముందు కూర్చున్న నటుడు విజయచందర్, ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు మనవడు. ఈ సినిమాను మోసుకొచ్చిన నిర్మాత కూడా ఆయనే. అంతకుముందే, 1977లో, జెఫిరెల్లీ తీసిన 'జీసస్ ఆఫ్ నజరెత్' పడమటి దేశాల టీవీలో వచ్చింది. నీలి కళ్ళ యేసు. మన గుళ్ళలోని పటాలూ ఆ పోలికలోనివే. కానీ తెలుగు ప్రేక్షకుడికి తెర మీద దేవుణ్ణి చూసే అలవాటు వేరు. ఎన్టీఆర్ కృష్ణుడిగా కనిపిస్తే హారతి పట్టిన జనం, తిరుపతి మొక్కు తీర్చుకుని మద్రాసు బస్సెక్కి ఆయన ఇంటి ముందు బారులు తీరిన జనం. ఆ చూపుకు తగిన యేసు కావాలి. చేయెత్తితే అభయహస్తంలా ఉండాలి, మాట్లాడితే మన ఇంటి పెద్దలా వినిపించాలి. విజయచందర్ తెచ్చింది అదే.

1978 డిసెంబరు 21న సినిమా విడుదలైంది. వారం చూస్తే గురువారం. సినిమా వాళ్ళ శుక్రవారానికి ఒక రోజు ముందు, క్రిస్మస్‌కి నాలుగు రోజుల ముందు.

*

హాళ్ళలో ఆడింది, అయిపోయింది అనుకుంటే ఈ గాథ ఇక్కడితో చాలు. అసలు కథ హాలు బయట మొదలైంది.

ఏ ఊరని చెప్పను? గుంటూరు జిల్లాలో మిరప కళ్ళాల పక్క ఊరు కావచ్చు, నల్లగొండలో రాళ్ళ మధ్య పల్లె కావచ్చు. ఆదివారం పూజ చివర విచారణ గురువులు ప్రకటనలు చదువుతారు. పెళ్ళి ప్రకటన ఒకటి. చనిపోయిన ఒక పెద్దాయన కోసం నెల పూజ. జపమాల కూటం ఈ బుధవారం ఎవరింట్లోనో. చివరగా, "శనివారం రాత్రి గుడి ముందు సినిమా. అందరూ రండి. చుట్టుపక్కల వాళ్ళనీ పిలవండి."

పోస్టర్ లేదు, మైకు బండి లేదు. ఆ ఒక్క ప్రకటనే ప్రచారం.

శనివారం పొద్దు కుంకేవేళకు ఉపదేశి రెండు వెదురు గడలు పాతించి తెల్లగుడ్డ బిగగట్టిస్తాడు. పదహారు ఎంఎం ప్రొజెక్టర్, రీళ్ళ పెట్టె జీపులోంచి దిగుతాయి.

"చాపలు ఎవరివి వాళ్ళే తెచ్చుకోండమ్మా, బల్లలు ముసలాళ్ళకి."

"రీలు తెగితే ఎట్టా బాబూ?"

"తెగితే అతికిస్తాంలే పెద్దమ్మా, నువ్వు కూర్చో."

చీకటి పడుతుంది. వెలుగు చార మీద పురుగులు ముసురుతాయి. ముందు చోటు దొరకని కుర్రాళ్ళు గుడ్డ వెనక్కి పోయి కూర్చుంటారు. వాళ్ళకు బొమ్మ తిరగబడి కనిపిస్తుంది, అయినా ఎవడూ లేవడు. పెద్దకులాల వీధిలోని వాళ్ళు కొందరు దూరంగా చెట్టు కింద నిలబడతారు. మొదటి రీలు అయ్యేసరికి ఆ దూరం సగమవుతుంది. కొరడా దెబ్బలు మొదలయ్యాక ఏడుపులు ఏ వైపు నుంచి వస్తున్నాయో చెప్పలేం.

ఇది ఒక్క తెలుగునాట ముచ్చట కాదు. అమెరికాలోని వర్జీనియా బీచ్‌కు చెందిన జాన్ గిల్మన్ డేస్ప్రింగ్ అనే సంస్థ తరఫున ఈ సినిమాను 'దయాసాగర్' పేరుతో హిందీలోకి, ఇంకా ఇతర భారతీయ భాషల్లోకి తీసుకెళ్ళారు. ఇలాంటి తెల్లగుడ్డలే ఉత్తరాది పల్లెల్లోనూ లేచాయి. తెలుగులో అనుకుని తెలుగు మనుషుల కోసం తీసిన యేసు గంగా మైదానంలో హిందీ మాట్లాడాడు. పాన్ ఇండియా అన్న మాట ఫిల్మ్‌నగర్ నోట పడటానికి ఎన్నో ఏళ్ళ ముందటి సంగతి.

*

తర్వాత పరిశ్రమ మూటాముల్లె సర్దుకుని ఈ కొండల మీదికి వచ్చింది. రామానాయుడు స్టూడియో, పద్మాలయ, ఒకదాని పక్కన ఒకటి లేచాయి. యేసు సినిమాలూ వచ్చాయి. 1980లో బాపు 'రాజాధిరాజు', 1987లో పౌలు చరిత్రగా 'దయామయుడు', 2004లో సూపర్‌స్టార్ కృష్ణ యేసు వేషం కట్టిన 'శాంతి సందేశం'. విజయచందర్ 1983లో 'ఆంధ్రకేసరి'లో తన తాతగారిగా నటించారు. 1986లో షిరిడీ సాయిబాబా అయ్యారు. ఒకే మొహానికి సిలువ దగ్గర మోకరించినవాళ్ళూ ఉన్నారు, ధుని దగ్గర దండం పెట్టినవాళ్ళూ ఉన్నారు. తెలుగువాడికి ఇందులో తికమక ఏమీ లేదు.

తెల్లగుడ్డ ముందు చాప వేసుకు కూర్చున్న జనం సంగతీ చెప్పుకోవాలి. 'కరుణామయుడు' వచ్చిన ఏడాది కర్నూలు జిల్లా చిందుకూరు బిడ్డ పూల ఆంతోనికి పదిహేడేళ్ళు. పేదరికం చదువును మధ్యలోనే ఆపేస్తే, మిషనరీల చేయూతతో మళ్ళీ బడికి వెళ్ళిన దళిత కుటుంబపు కుర్రాడు. కడప మేత్రాసనంలో గురువై, కర్నూలు మేత్రాణులై, హైదరాబాదు అగ్రపీఠాధిపతి అయ్యారు. 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. ఆ పదవి అందుకున్న తొలి తెలుగువారు, తొలి దళితుడు ఆయనే. 2025 మేలో సిస్టీన్ చాపెల్‌లో 14వ లియో పాపుగారిని ఎన్నుకున్నవాళ్ళలో ఒకరు. ఈ జూబ్లీహిల్స్ కొండలకు ఇవాళ అగ్రపీఠాధిపతి ఆయనే. గుడి ముందు నేల మీద చాప పరుచుకున్న వాడల్లోంచే ఆ పీఠం దాకా దారి పడింది.

నలభై ఏడేళ్ళు దాటినా ఈ సినిమా ఎందుకు నిలిచింది? వసూళ్ళు, రికార్డులు అన్నీ శుక్రవారం నుంచి శుక్రవారం దాకానే. ఇది విచారణ పంచాంగంలోకి ఎక్కింది. ఏటా తపస్సు కాలం వచ్చినప్పుడల్లా దీనికి మళ్ళీ విడుదలే. ఇంకో కారణం కూడా ఉంది, నాకు అదే పెద్దదనిపిస్తుంది. ఏదో ఒక మతం వాళ్ళు తమవాళ్ళ కోసం మాత్రమే తీసి ఉంటే ఇది గుడి గోడ దాటేది కాదు. గుడి మనిషీ, నాటకం మనిషీ, ఎర్రజెండా మనిషీ, ప్రకాశం పంతులు మనవడూ, అందరినీ ఒకే కుటుంబం అన్న దర్శకుడూ కలిసి తీశారు. అందుకే చెట్టు కింద నిలబడినవాళ్ళు కూడా దగ్గరికి జరిగారు.

పాత సినిమాలకు పేర్లు మొదట్లోనే పడతాయి. వచ్చే పవిత్ర శుక్రవారం 'కరుణామయుడు' వేసినప్పుడు, ఆ కాస్త సేపు వంటింట్లోకి వెళ్ళకండి. కూర్చుని ఆ పేర్లు చదవండి.