యాంటిలోప్ బిట్టర్‌బ్రష్

యాంటిలోప్ బిట్టర్‌బ్రష్ గులాబీ కుటుంబానికి (రోజేసి) చెందిన ఒక పూల పొద. దీని శాస్త్రీయ నామం పర్షియా ట్రైడెంటాటా. ఇది ఉత్తర అమెరికా పశ్చిమ భాగంలోని పొడి మేత భూములలో, కెనడాలోని బ్రిటిష్ కొలంబియా మొదలుకొని అమెరికాలోని కాలిఫోర్నియా, న్యూ మెక్సికో రాష్ట్రాల వరకు సహజంగా పెరుగుతుంది. 1806లో మెరివెదర్ లూయిస్ నేటి మోంటానా ప్రాంతంలో దీని నమూనాను సేకరించాడు. దానిని వర్ణించిన ఫ్రెడరిక్ పర్ష్ పేరు మీదుగా ప్రజాతికి పర్షియా అని పేరు వచ్చింది.

గుర్తించే విధానం

ట్రైడెంటాటా అనగా మూడు పళ్ళు కలది అని అర్థం. ఆకు కొన మూడు తమ్మెలుగా చీలి ఉంటుంది. అయితే ఈ ఒక్క లక్షణాన్ని నమ్ముకుంటే పొరపాటు తప్పదు. ఇదే నేలలో, తరచు దీని పక్కనే పెరిగే సేజ్‌బ్రష్ (ఆర్టిమీసియా ట్రైడెంటాటా) ఆకులు కూడా మూడు తమ్మెలతోనే ఉంటాయి. రెండింటి జాతి నామం కూడా ఒకటే.

ముందుగా ఆకును తిప్పి చూడాలి. బిట్టర్‌బ్రష్ ఆకు పైభాగం ఆకుపచ్చగా, అడుగుభాగం నూగుతో బూడిద రంగులో ఉండి, అంచులు కిందికి ముడుచుకొని ఉంటాయి. సేజ్‌బ్రష్ ఆకు రెండు వైపులా వెండి బూడిద రంగులో ఉంటుంది. తరువాత ఆకును నలిపి వాసన చూడాలి. సేజ్‌బ్రష్ మన దవనం, మాచిపత్రిల ప్రజాతికి చెందినది కనుక ఘాటైన వాసన వస్తుంది. బిట్టర్‌బ్రష్‌కు అటువంటి వాసన లేదు. సేజ్‌బ్రష్‌ను ముందు నలిపితే ఆ వాసన వేళ్ళకు అంటుకొని రెండవ పరీక్షను చెడగొడుతుంది.

పూలకాలంలో సందేహానికి తావు లేదు. ప్రాంతాన్ని బట్టి ఏప్రిల్ నుండి జులై వరకు బిట్టర్‌బ్రష్ పొద నిండా ఐదు ఆకర్షణ పత్రాలు గల లేత పసుపు పూలు పూస్తాయి. సేజ్‌బ్రష్ వేసవి చివరలో, ఆ తరువాత పూస్తుంది. దాని పూలు అతి చిన్నవి. దక్షిణ ప్రాంతాలలో క్లిఫ్‌రోజ్ (పర్షియా స్టాన్స్‌బరియానా) అనే దగ్గరి బంధువు కూడా కనిపిస్తుంది. దాని కాయలకు ఈకల వంటి పొడవైన తోకలు ఉంటాయి, బిట్టర్‌బ్రష్ కాయలకు ఉండవు. ఈ రెండూ సంకరం చెందుతాయి కనుక మధ్యస్థ రూపాలు కూడా తారసపడతాయి.

ప్రాముఖ్యత

శీతాకాలంలో మ్యూల్ జింకలకు, ప్రాంగ్‌హార్న్‌లకు దీని రెమ్మలు ముఖ్యమైన మేత. ఎక్కువగా మేసిన పొదలు కత్తిరించినట్లు గిడసబారి ఉంటాయి. ఎలుక జాతి జీవులు విత్తనాలను నేలలో దాచి మరచిపోవడం వలన మొలకలు గుంపులుగా వస్తాయి. వేరు బుడిపెలలోని ఫ్రాంకియా అనే సూక్ష్మజీవులు నత్రజనిని స్థాపిస్తాయి.

కార్చిచ్చు తరువాత ఈ పొద చాలా చోట్ల తిరిగి చిగురించదు. బయటి నుండి వచ్చిన చీట్‌గ్రాస్ అనే గడ్డి త్వరగా ఎండి మంటలను తరచు రప్పిస్తున్నది. అందువలన కాలిన భూములలో దీని విత్తనాలను చల్లుతూ, మొక్కలను నాటుతూ ఉన్నారు.