ద్రవలోహ ఉష్ణలేపనం

ద్రవలోహ ఉష్ణలేపనం అనేది కంప్యూటరు ప్రాసెసరుకు, దానిని చల్లబరిచే హీట్‌సింకుకు మధ్య పూసే గాలియం మిశ్రమలోహం. వాడుకలో దీనిని లిక్విడ్ మెటల్ అంటారు. శుద్ధ గాలియం 29.76 డిగ్రీల సెల్సియస్ వద్దనే కరుగుతుంది. అవుకు, నంద్యాల ప్రాంతాల వేసవిలో ఇంట్లోనే ద్రవంగా మారగలదు. ఇండియం, తగరం కలపడం వలన గది చల్లగా ఉన్నప్పుడు కూడా ద్రవంగానే ఉంటుంది. ఇది సాధారణ థర్మల్ పేస్టు కంటే ఉష్ణాన్ని బాగా ప్రసరింపజేస్తుంది.

దీర్ఘకాలిక ప్రభావాలు

సిలికాన్ చిప్పుకు దీనివలన హాని కలగదు. ప్రభావమంతా దానిని తాకే లోహాలపైనే. రాగిలోకి గాలియం నెమ్మదిగా ఇంకి, రెండూ కలిసిన గట్టిపొర ఏర్పడుతుంది. మిగిలిన లేపనంలో గాలియం తగ్గి అది ఎండినట్లవుతుంది, ప్రాసెసరు మళ్ళీ వేడెక్కుతుంది. రాగి పాడైందని పలువురు భావిస్తారు కానీ, శుభ్రపరచి మరల పూస్తే సాధారణంగా సరిపోతుంది. నికెల్ పూత ఉన్న రాగిపై ఎక్కువగా మరకలే మిగులుతాయి.

అల్యూమినియం సంగతి వేరు. గాలియం దాని స్ఫటికరేణువుల సరిహద్దుల గుండా చొరబడి, చేతితో విరిగేంత పెళుసుగా మారుస్తుంది. కనుక అల్యూమినియం హీట్‌సింకులకు దీనిని వాడరాదు.

ఇది విద్యుద్వాహకం కూడా. చిన్న బొట్టు పక్కకు జారినా షార్టు సర్క్యూట్ కావచ్చు. 2020లో విడుదలైన ప్లేస్టేషన్ 5లో సోనీ దీనిని వాడి, కారిపోకుండా చుట్టూ అడ్డు ఏర్పాటు చేసింది. ప్రాసెసరు మూతపై ముద్రించిన అక్షరాలు చెరిగిపోతే వారంటీ పొందడం కష్టం కావచ్చు.