బండికి రుసుము, మనిషికి రుసుము

1872 మార్చి 1న అధ్యక్షుడు యులిసీస్ గ్రాంట్ సంతకంతో యెల్లోస్టోన్ ప్రాంతం అమెరికా తొలి జాతీయ ఉద్యానవనమైంది. ఆ చట్టం ఆ నేలను ప్రజల ప్రయోజనానికీ ఉల్లాసానికీ కేటాయించింది గానీ ఆ ప్రజలు ఏ దేశపు వారో చెప్పలేదు. లోపలికి వచ్చేవారి నుంచి రుసుము తీసుకోవాలనీ అనలేదు. బసలు కట్టేవారికి చిన్న చిన్న స్థలాలను పదేళ్లకు మించకుండా కౌలుకిచ్చి, ఆ సొమ్ముతోనే ఉద్యానవనాన్ని నడుపుకోవచ్చునన్నది కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, వేసుకున్న లెక్క. ఆ లెక్క తప్పింది. తొలి సూపరింటెండెంట్ నథానియల్ లాంగ్‌ఫర్డ్ ఐదేళ్లపాటు జీతం లేకుండానే ఆ పదవిలో ఉన్నారు; ప్రభుత్వం మొదటిసారి నిధులిచ్చింది 1878లో, అవి కూడా 10 వేల డాలర్లే.

విదేశీయులు మొదటి నుంచీ వచ్చారు. డన్‌రేవెన్ అనే ఐర్లండ్ ప్రభువు 1874లో వచ్చి తన యాత్రను పుస్తకంగా రాస్తే, అలహాబాదులో పత్రికారచయితగా పనిచేసి ఇంగ్లండుకు తూర్పు దారిన ప్రయాణం కట్టిన రడ్యార్డ్ కిప్లింగ్ 1889లో అక్కడి వేడినీటి బుగ్గలను చూసి భారతదేశపు పత్రికకు వర్ణించి పంపారు. వీరంతా రైలు కంపెనీకీ, గుర్రపు బగ్గీల యజమానులకూ, హోటళ్లకూ బాగానే చెల్లించుకున్నారు గానీ, ప్రభుత్వానికి ద్వారం దగ్గర చెల్లించినదేమీ లేదు. అదే కాలంలో తరతరాలుగా ఆ కొండల్లో అడవిగొర్రెలను వేటాడి బతికిన టుకుడికా షొషోనీలను అక్కడి నుంచి ఖాళీ చేయించి రిజర్వేషన్లకు, అంటే ఆదివాసులకు ప్రభుత్వం గిరిగీసి ఇచ్చిన భూములకు, తరలించారు. ఆ నేల మీద సొంతవారెవరు, పరాయివారెవరు అని లెక్క తీసే ఏ చర్చ అయినా ఈ సంగతిని దాటవేస్తే అసంపూర్ణమే అవుతుంది.

ప్రవేశ రుసుము పుట్టింది మోటారు కారుతో. కార్లను అధికారికంగా రానిచ్చిన తొలి ఉద్యానవనం మౌంట్ రేనియర్. అక్కడ 1908లో ఒక్కో కారుకు అనుమతి పత్రం ఇచ్చి 5 డాలర్లు వసూలు చేయసాగారు. ఇది చిన్న మొత్తం కాదు. ఆరేళ్ల తరువాత ఫోర్డ్ కంపెనీ తన కార్మికులకు రోజుకు 5 డాలర్లు ఇస్తామని ప్రకటిస్తే దేశమంతా వింతగా చెప్పుకుంది. 1913లో యోసెమిటీ, 1915 ఆగస్టు 1న యెల్లోస్టోన్ కార్లకు ద్వారం తెరిచాయి. నాటి నిబంధనలను చూస్తే ఆ రుసుము స్వభావం బోధపడుతుంది: ఫలానా గంటకు ఫలానా చోటికి చేరాలని కారుకు వేళలు నిర్ణయించారు, వేగానికి హద్దు పెట్టారు, ఎదురుగా గుర్రాలు వస్తే కారే పక్కకు తప్పుకొని ఆగాలన్నారు. మట్టి రోడ్లను పాడుచేసి, గుర్రాలను బెదరగొట్టే యంత్రాన్ని లోపలికి రానిచ్చినందుకు పుచ్చుకున్న సొమ్ము అది. ప్రకృతి దృశ్యాన్ని చూసినందుకు కట్టిన వెల కాదు. అందుకే కాలినడకన వచ్చినవారికీ, గుర్రమెక్కి వచ్చినవారికీ ఆ రుసుము వర్తించలేదు.

1920లు, 30లలో ద్వారం దగ్గరి రేంజర్, అంటే ఉద్యానవన రక్షకుడు, డబ్బు తీసుకుని, కారు ఏ రాష్ట్రానిదో పుస్తకంలో రాసుకుని, ముందు అద్దానికి ఒక రంగు కాగితం అంటించి పంపేవాడు. మళ్లీ వచ్చినప్పుడు ఆ కాగితం చూపితే చాలు. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారన్నది ఏటేటా నివేదికలకు ఎక్కింది గానీ, దాన్ని బట్టి రుసుము పెరగడమో తగ్గడమో జరగలేదు. మోంటానా రైతు కారుకూ, కెనడా నుంచి దిగివచ్చిన కారుకూ ఒకటే ధర. బండిలో ఎందరున్నారన్నది కూడా చాలాకాలం పట్టించుకోలేదు.

1916లో జాతీయ ఉద్యానవనాల సేవాసంస్థ ఏర్పడి, బోరాక్స్ వ్యాపారంలో గడించిన స్టీఫెన్ మాథర్ దానికి తొలి డైరెక్టర్ అయినప్పుడు, ఈ కార్ల రాబడితోనే పెద్ద ఉద్యానవనాలు తమ ఖర్చు తాము భరించగలవని ఆయన ఆశించారు. యోసెమిటీలోని టియోగా రోడ్డును తన సొమ్మూ స్నేహితుల సొమ్మూ కలిపి కొని నామమాత్రపు ధరకు ప్రభుత్వానికి అప్పగించిన మనిషికి, రోడ్డుకూ రాబడికీ ఉన్న లంకె మరొకరు చెప్పనక్కరలేదు. అయితే 1918 నుంచి ఆ సొమ్మంతా దేశ ఖజానాలో జమ కావాలని కాంగ్రెస్ శాసించింది. వసూలు చేసేది ఒక చోట, ఖర్చు నిర్ణయించేది మరొక చోట అయ్యాక, ఉద్యానవనపు అధికారికి రుసుము పెంచడంలో లాభమూ లేదు, తగ్గించడంలో నష్టమూ లేదు. దశాబ్దాలపాటు రుసుములు ఖర్చుల వెంట నడవకపోవడానికి ఇది ముఖ్యమైన కారణం.

1965లో అమలులోకి వచ్చిన భూమి, జల పరిరక్షణ నిధి చట్టం గోల్డెన్ ఈగిల్ పేరుతో 7 డాలర్ల వార్షిక పాస్‌ను తెచ్చింది. అది కూడా కారునూ అందులోనివారినీ కలిపి లోపలికి పంపే పాసే. 1970లలో 62 ఏళ్లు దాటినవారికి ఉచిత ప్రవేశమిచ్చే గోల్డెన్ ఏజ్ పాస్ వచ్చినప్పుడు మాత్రం అది అమెరికా పౌరులకూ, శాశ్వత నివాసులకూ పరిమితమైంది. ఈ తేడాను జాగ్రత్తగా గమనించాలి: సొంత వృద్ధులకు రాయితీ ఇచ్చారే తప్ప, పరాయివారిపై అదనపు భారం వేయలేదు. మామూలు ధర కట్టే ఎవరికైనా ద్వారం ఒక్కలాగే తెరుచుకుంది.

1996లో ప్రయోగాత్మకంగానూ, 2004లో పూర్తి చట్టంగానూ మరో మార్పు వచ్చింది. వసూలైన రుసుములో 80 శాతం సాధారణంగా ఆ ఉద్యానవనంలోనే ఉండిపోయే ఏర్పాటు అది. 1918 నాటి తప్పును దిద్దిన ఈ నిర్ణయం న్యాయమైనది. రుసుములు పెంచడానికి బలమైన కారణం కూడా దీనితోనే వచ్చింది. ఏటా చేయవలసి ఉండీ నిధులు లేక వాయిదా పడుతూ వచ్చిన రోడ్ల, వంతెనల, నీటి గొట్టాల మరమ్మతుల విలువ క్రమంగా పేరుకుని, ఇటీవలి సంవత్సరాల్లో సుమారు 2,300 కోట్ల డాలర్లకు చేరింది. 2017లో 17 ఉద్యానవనాల్లో రద్దీ నెలలకు కారు రుసుమును 70 డాలర్లకు పెంచాలని ప్రతిపాదించి, జనం వ్యతిరేకించడంతో విరమించుకున్నారు. అప్పటికీ లెక్క కారుదే.

ఇతర దేశాల దారి వేరు. కోస్టారికా 1994లో విదేశీయుల రుసుమును ఒక్కసారిగా 15 డాలర్లు చేసింది. ఈక్వడార్ 2024 ఆగస్టు నుంచి గాలపాగస్ దీవులకు వచ్చే చాలామంది విదేశీయుల వద్ద 200 డాలర్లు తీసుకుంటూ, తన పౌరుల వద్ద 30 డాలర్లే తీసుకుంటోంది. హైదరాబాదులో చార్మినార్, గోల్కొండ చూడవచ్చే భారతీయుడికి 25 రూపాయల టికెట్టు ఉంటే విదేశీయుడికి అది 300 రూపాయలు. స్థానికుడి సంపాదన తక్కువ, వచ్చేవారి కరెన్సీ బలమైనది. ఒకే ధర పెడితే అది స్థానికుడిని తన వారసత్వానికే దూరం చేస్తుంది. రెండు ధరల పద్ధతికి నైతిక బలం ఇక్కడి నుంచే వచ్చింది.

అమెరికాలో ఆ పరిస్థితి తలకిందులుగా ఉంది. 2025 జూలైలో అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ జారీచేసిన ఉత్తర్వును అనుసరించి, 2026 జనవరి 1 నుంచి అమెరికా నివాసులు కానివారికి వార్షిక పాస్ 250 డాలర్లైంది, నివాసులకు మునుపటి 80 డాలర్లే కొనసాగింది. నివాసి కానివారు పాస్ లేకుండా వస్తే యెల్లోస్టోన్, యోసెమిటీ, గ్రాండ్ కాన్యన్, జయన్, గ్లేసియర్ వంటి 11 ఉద్యానవనాల్లో మామూలు రుసుముతోపాటు మనిషికి 100 డాలర్లు కట్టాలి; 16 ఏళ్ల లోపు పిల్లలకు మినహాయింపు. బండి లెక్కకు మనిషి లెక్క తోడవడం, ఆ మనిషి ఎక్కడివాడన్నది ధరను నిర్ణయించడం, రెండూ ఒకేసారి జరిగాయి. పెరిగిన ధరను మోసేవారిలో డాలర్‌కు ఎదురు నిలవలేని కరెన్సీల నుంచి వచ్చేవారే ఎందరో ఉన్నారు. కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో విజిటర్ వీసా మీద ఆరు నెలలకు వెళ్లే గుంటూరు, కరీంనగర్ తల్లిదండ్రులు అలాంటివారే. వేసవి సెలవుల్లో పిల్లలు వారిని యెల్లోస్టోన్‌కు తీసుకెళ్లాలంటే, నిన్నటి వరకు ఏడు రోజులకు 35 డాలర్లతో కారు మొత్తం లోపలికి వెళ్లేది; ఇప్పుడు ఏ పాసూ లేకుండా వెళితే పెద్దవాళ్లిద్దరికీ 200 డాలర్లు అదనం, అంటే రమారమి 18 వేల రూపాయలు. వారి పిల్లలు అక్కడ పన్నులు కడుతున్నారన్న సంగతి ద్వారం దగ్గర లెక్కలోకి రాదు. మరమ్మతులకు డబ్బు కావాలన్న మాట నిజమే గానీ, దాన్ని ఓటు హక్కు లేనివారి మీద వేయడం తేలికని ఎంచుకున్న దారిగానే కనిపిస్తుంది.

దేశంలో అన్నిటికన్నా ఎక్కువమంది వచ్చే ఉద్యానవనం ఈ 11లో లేదు. ఏటా కోటికి పైగా సందర్శనలు నమోదయ్యే గ్రేట్ స్మోకీ పర్వతాల ఉద్యానవనంలో ప్రవేశ రుసుమే లేదు. రోడ్డును కేంద్రానికి అప్పగించేటప్పుడు దాని మీద సుంకం వసూలు చేయరాదని టెన్నెసీ రాష్ట్రం పెట్టిన షరతు అందుకు మూలం. ఖర్చులు పెరిగి 2023 మార్చి నుంచి అక్కడ కార్లు ఆపుకోవడానికి ఒక చీటీ ప్రవేశపెట్టారు. ఆ చీటీ బండికే, యజమాని ఏ దేశపు వాడైనా ఒకటే ధర. రోజుకు 5 డాలర్లు, 1908లో మౌంట్ రేనియర్ దగ్గర తీసుకున్నంతే.