జమాలుద్దీన్ అఫ్ఘానీ వారసత్వం: హైదరాబాద్ రచనల ప్రాధాన్యం

సయ్యద్ జమాలుద్దీన్ అఫ్ఘానీని (1838–1897) చరిత్రకారులు ప్రధానంగా సర్వ ఇస్లామిక్ ఐక్యతావాదానికి ఆద్యుడిగా పరిగణిస్తారు. అయితే 1879–82 మధ్య ఆయన భారతదేశంలో ఫారసీ భాషలో వెలువరించిన రచనలను, ప్రసంగాలను పరిశీలిస్తే ఈ అంచనా అసంపూర్ణమని తెలుస్తుంది.

1879లో ఈజిప్టు పాలకుడు తౌఫీక్ ఆయనను దేశం నుండి బహిష్కరించాడు. ఆ తరువాత ఆయన నిజాం రాజ్యంలోని హైదరాబాద్ చేరుకున్నాడు. అప్పటికి ఆరవ నిజాం మైనరు కాగా, దివాన్ మొదటి సాలార్‌జంగ్ పాలనను నడుపుతున్నాడు. అఫ్ఘానీ ప్రసిద్ధ గ్రంథం ‘హకీకతె మజ్‌హబె నేచరీ’ 1881లో ఇక్కడే వెలువడింది. సర్ సయ్యద్ అహ్మద్‌ఖాన్ అనుయాయులైన ‘నేచరీ’లపై విమర్శగా వచ్చిన ఈ గ్రంథం పైకి మతరక్షణ ప్రయత్నంగా కనిపిస్తుంది. కానీ అందులోని ప్రధాన వాదం సామాజికమైనది: సమాజాన్ని కలిపి ఉంచే నైతిక బంధం తెగితే ఆ జాతి పతనమవుతుంది. సర్ సయ్యద్ బ్రిటిష్ అనుకూల వైఖరి పట్ల అఫ్ఘానీకి గల వ్యతిరేకత కూడా ఈ విమర్శకు నేపథ్యం.

ఇదే కాలంలో హైదరాబాద్ పత్రిక ‘ముఅల్లిమె షఫీక్’లో రాసిన వ్యాసంలో ఆయన మతబంధం కన్నా భాషాబంధమే ఎక్కువ కాలం నిలుస్తుందని వాదించాడు. ఆధునిక విజ్ఞానాన్ని ప్రజల భాషలోనే బోధించాలన్నాడు. 1882 నవంబరులో కలకత్తాలో చేసిన ప్రసంగంలో విజ్ఞానాన్ని ముస్లిం విజ్ఞానమని, ఐరోపా విజ్ఞానమని విభజించడాన్ని తప్పుపట్టాడు. భారతదేశ ప్రాచీన మేధాసంపదను కొనియాడాడు. హిందువులు, ముస్లింలు కలిసి జీవించే దేశంలో వలసపాలనను ఎదుర్కోవడానికి ఉమ్మడి భూమిక అవసరమన్న గ్రహింపు ఈ వాదాలలో ద్యోతకమవుతుంది.

రెండేళ్లు గడిచేసరికి స్వరం మారింది. 1884లో ముహమ్మద్ అబ్దుహ్‌తో కలిసి పారిస్ నుండి అరబ్బీలో ప్రచురించిన ‘అల్ ఉర్వతుల్ వుస్కా’ 18 సంచికలలో మతైక్యతే ప్రధానాంశమైంది. దానికి ముందటి సంవత్సరమే, అదే నగరంలో, ఎర్నెస్ట్ రెనాకు ఇచ్చిన సమాధానంలో మతాలు శాస్త్రచింతనకు అవరోధమయ్యాయని ఆయన అంగీకరించడం గమనార్హం.

ఈ వైరుధ్యాన్ని కేవలం అవకాశవాదమని తోసిపుచ్చలేము. భాష, పాఠకులు మారిన ప్రతిసారీ ఆయన వాదన మారింది; విదేశీ ఆధిపత్య వ్యతిరేకత మాత్రం మారలేదు. ఇరాన్ పొగాకు గుత్తాధిపత్యాన్ని ప్రతిఘటించవలసిందిగా 1891లో ఆయన ప్రముఖ షియా మతాచార్యుడు మీర్జా హసన్ షీరాజీకి రాసిన లేఖ ఇందుకు నిదర్శనం. 1892లో ఆ గుత్తాధిపత్యం రద్దయింది.

అఫ్ఘానీ వారసత్వంలో ప్రతి వర్గమూ తనకు అనుకూలమైన భాగాన్నే స్వీకరించింది. అబ్దుహ్ విద్యాసంస్కరణను ఎంచుకున్నాడు. తరువాతి రాజకీయ ఉద్యమాలు మతైక్యతా నినాదాన్ని ఎత్తుకున్నాయి. భాషాప్రాతిపదికపై ఐక్యతను ప్రతిపాదించిన హైదరాబాద్ అఫ్ఘానీకి మాత్రం వారసులు కరువయ్యారు. అందుచేత దక్కన్ మేధోచరిత్రలో ఆ ఫారసీ వ్యాసాలకు దక్కవలసిన స్థానాన్ని పునర్నిర్ణయించవలసి ఉంది.